ఎడమన ఎరుపు, కుడిన పచ్చ

పడవకి దీపం పెట్టేది అందులో కూర్చున్నవాడు చూసి మురవడానికి కాదు. ఎదురొచ్చేవాడు చూసి తప్పుకోడానికి. విశాఖపట్నం షిప్‌యార్డులో, ఎలక్ట్రికల్ షాపులో, ఇంకా మీసం కూడా సరిగ్గా రాని అప్రెంటిసు కుర్రాడికి ఈ ముక్క చేరిన కొత్తలోనే తలకెక్కించేవారు. ఎక్కకపోతే ఫోర్‌మన్ చేత్తో ఎక్కించేవాడు. అమెరికాలో రెండు డిగ్రీలు చదివి, పెద్ద జీతం తెచ్చుకుంటున్న మావాడికి మాత్రం ఎంత చెప్పినా ఎక్కదు.

మావాడుండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్ అనే ఊళ్లో. ఆ ఫోర్సైత్ కౌంటీలో తెలుగువాళ్లు ఎంతమందంటే, సాయంత్రం నడకకి వెళ్తే నాలాంటి పంచెకట్టు ముసలాళ్లు వీధికొకరు తగులుతారు. ఊరి పక్కనే లేక్ లానియర్ అని పెద్ద చెరువు. చెరువంటే మన ఊరి చెరువు కాదు. 1950ల్లో ఇక్కడి ఆర్మీ ఇంజనీర్లు చట్టాహూచీ నదికి బ్యూఫర్డ్ దగ్గర ఆనకట్ట కడితే ఏర్పడిన జలాశయం. కొండల మధ్య పాయలు పాయలుగా పాకి, ఒక మూల నుంచి చూస్తే ఇంకో మూల కనిపించదు. దానికి సిడ్నీ లానియర్ అనే కవి పేరు పెట్టారు. కవి పేరున్న నీళ్ల మీద కాస్త వెన్నెలకి చోటుంచుతారనుకున్నాను. ఉంచలేదు.

ఇక్కడ వారాంతం వస్తే నీళ్ల నిండా పొంటూన్ పడవలే. తెలియనివాళ్లకి చెబుతాను. రెండో మూడో లావుపాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బల్లపరుపుగా నేల, చుట్టూ నడుమెత్తు కంచె, లోపల సోఫాలు, వెనక అవుట్‌బోర్డు మోటారు. 1950ల మొదట్లో మిన్నెసోటాలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఉక్కు పీపాలని వరసగా అతికి, పైన చెక్క నేల వేసి, ఒరిగిపోకుండా నిలకడగా తేలే పడవ చేశాడు. ఇప్పటి పొంటూన్లకి ఆయన్నే ఆద్యుడంటారు. మన విశాఖ తీరంలో జాలర్లు దుంగలు కట్టి తెప్ప వేసుకుంటే, ఆయన పీపాలు కట్టి వేసుకున్నాడు. మంచి పని. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా ఆ తెప్పని తీసుకొచ్చి సినిమా సెట్టింగు చేస్తున్నవాళ్ల మీద.

మావాడు పడవ కొన్న మూడో వారానికి ఒక పెట్టె వచ్చింది. అందులో ఎల్‌ఈడీ చుట్టలు, రిమోటు, చేతిలో ఫోనుతో నడిపే డబ్బా ఒకటి. గొట్టాల మీదా నీళ్ల మీదా కాంతి పడేలా నేల అంచు కింద చుట్టూ ఒక వరస పెట్టాలట. కంచె వెంబడి ఒక వరస. సోఫాల కింద ఒకటి. వెనక మోటారు పక్కన నీళ్లలో మునిగి ఉండేవి రెండు. కోటీ అరవై లక్షల రంగులు వస్తాయని పెట్టె మీద రాసుంది.

మాకు మూడు రంగులుండేవి. ఎడమన ఎరుపు, కుడిన పచ్చ, మిగతాది తెలుపు.

ఆ మూడింటి వెనక ఎంత లెక్కుందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. ఎర్రదీపం ఓడ ముక్కు దగ్గర నుంచి ఎడమ పక్కగా వెనక్కి 112.5 డిగ్రీల మేర కనిపించాలి. పచ్చది కుడి పక్కన అంతే. వెనకాల తెల్లదీపం 135 డిగ్రీలు. మూడూ కూడితే సరిగ్గా 360. ఎక్కడా సందు ఉండకూడదు, ఒకదాని మీద ఇంకోటి పడకూడదు. ముందు స్తంభం మీద తెల్లదీపానికి ఆ ఎర్రదీ పచ్చదీ కలిపినంత, అంటే 225 డిగ్రీలు. ఇంత లెక్క ఎందుకంటే, చీకట్లో ఓడ కనిపించదు, దీపాలే కనిపిస్తాయి. ఎదురుగా ఎరుపూ పచ్చా రెండూ కనిపిస్తే వాడు సూటిగా నీ మీదికే వస్తున్నాడు. నీ కుడిపక్క నుంచి ఎర్రదీపం కనిపిస్తే వాడు నీ దారికి అడ్డంగా పోతున్నాడు, తప్పుకోవాల్సింది నువ్వు. తెల్లది ఒక్కటే కనిపిస్తే బహుశా వాడి వీపు చూస్తున్నావు. మాటా పలుకూ లేకుండా, ఏ దేశంవాడైనా ఏ భాషవాడైనా, మూడు దీపాలతో సముద్రం మీద సంభాషణ నడిచిపోతుంది. ఆవిరి ఓడలకి ఈ ఎరుపూ పచ్చా పద్ధతిని 1848లో ఇంగ్లండువాళ్లు తప్పనిసరి చేశారు. ఇప్పుడు లోకమంతా పాటించే నియమాలు 1972లో రాసుకుని 1977 నుంచి అమల్లో పెట్టారు.

మా యార్డు సంగతి అందరికీ తెలిసిందే. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ పేరు మీద మొదలెట్టిన యార్డు అది. 1948లో నెహ్రూగారు వచ్చి జల ఉష ఓడని నీళ్లలోకి దించారు. తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది, అయినా మా పేటని ఇప్పటికీ సింధియా అనే అంటారు. ఆ యార్డులో నేను చేరేనాటికి ఓడ పక్కదీపాల దగ్గర మాకో పనుండేది. దీపం వెనక రేకు తెర ఉంటుంది. ఆ తెరకి లోపలివైపు నల్లరంగు వెయ్యాలి. నల్లరంగంటే నిగనిగలాడేది కాదు, మెరుపు లేని నలుపు. ఎందుకూ అంటే, దీపం కాంతి రేకు మీద పడి తిరిగి అటూ ఇటూ చిమ్మకూడదు. చిమ్మితే కోణం చెడుతుంది, కోణం చెడితే ఎదుటివాడి లెక్క తప్పుతుంది. కాంతి పొల్లు పోకుండా మేము నల్లరంగు వేస్తే, మావాడు తళతళలాడే అల్యూమినియం గొట్టం ఏరికోరి దాని మీద దీపం తిప్పి పెడుతున్నాడు. ఎంత చిమ్మితే అంత అందమట!

పెద్ద ఓడ మీద ఆ దీపాలకి జంట బల్బులుండేవి, ఒకటి పోతే ఇంకోటి. ఏ దీపం ఆరినా పైన, ఓడ నడిపే బ్రిడ్జి మీద బోర్డులో గంట మోగేది. ఒక్క బల్బు ఆరిపోతే గంట కొట్టి గగ్గోలు పెట్టిన ఓడలు అవి. ఇక్కడ మా పక్క రేవులో ఉన్న పడవకి పచ్చదీపం పనిచెయ్యక ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. అడుగున ఊదారంగు మాత్రం ఒక్క రాత్రి కూడా తప్పదు.

చిన్న పడవకి ఇంత తతంగం అక్కర్లేదని నాకూ తెలుసు. 12 మీటర్ల లోపు పడవకి ముందు ఎరుపూ పచ్చా, వెనక కర్ర మీద నలుదిక్కులా కనిపించే ఒక తెల్లదీపం చాలు. పక్కదీపాలు ఒక మైలు దూరం కనిపించాలి, తెల్లది రెండు మైళ్లు. ఆ మూడూ పడవతోపాటు కంపెనీవాళ్లే ఇస్తారు. ఇక మిగతా దీపాల సంగతి కూడా ఆ 1972 నియమాల్లోనే 20వ దాంట్లో ఉంది. పొద్దుగూకినప్పటి నుంచి పొద్దుపొడిచేదాకా ఈ దీపాలు తప్ప వేరే దీపం పెడితే, అది వీటిని పోలి ఉండకూడదు, వీటిని కనపడకుండా చెయ్యకూడదు, చూసి నడిపేవాడి చూపుకి అడ్డం రాకూడదు. అమెరికా లోపలి జలాలకి రాసుకున్న నియమాల్లోనూ అదే ఉంది. అంటే మావాడు కుడిపక్క కంచె వెంబడి ఎర్రరంగు వెలిగిస్తే, అటు నుంచి వచ్చేవాడికి ఇది ఎడమ పక్కలా కనిపిస్తుంది. వాడి లెక్కలో మా పడవ వెనక్కి పోతున్నట్టు!

ఇదంతా చెబితే కోడలు కాఫీ గ్లాసు చేతికిస్తూ అంది, "మామయ్యగారూ, మన సింహాచలం తెప్పోత్సవంలో స్వామి పడవకి దీపాలు పెట్టరా ఏమిటి?"

పెడతారమ్మా. పుష్య బహుళ అమావాస్య నాడు అడవివరంలో వరాహ పుష్కరిణిలో స్వామి తెప్పెక్కుతాడు. నా చిన్నతనంలో పెట్రోమాక్స్ లైట్లు బుస్సుమంటూ వెలిగేవి, గాలికి మాంటిల్ ఊగితే పంతులుగారి ముఖం కూడా ఊగేది. తర్వాత కరెంటు దండలొచ్చాయి, ఇప్పుడు ఎల్‌ఈడీలూ వచ్చుంటాయి. దానికి నేనెందుకు కాదంటాను? ఆ కోనేట్లో ఎదురొచ్చే పడవ లేదు. గంటకి ముప్పై మైళ్ల వేగం లేదు. మోటారు లేదు, బీరు లేదు. గట్టు మీద నుంచి జనం చూడ్డానికే అక్కడ దీపం, స్వామి ఎటు పోతున్నాడో చెప్పడానికి కాదు. అలంకారం అలంకారం చోట ఉంది. కోడలు ఇంకేం అనలేదు గాని, వంటింట్లోకి వెళ్లి నవ్వినట్టే వినిపించింది.

సరే, పెట్టేదేదో సరిగ్గా పెట్టు అన్నాను. అక్కడ మొదలైంది అసలు గొడవ.

"ఎల్‌ఈడీ కరెంటు తినదు నాన్నా" అన్నాడు. ఈ మాట లోకంలో ఎవణ్ణడిగినా చెబుతారు, ఎవడూ లెక్క వెయ్యడు. నేను కాగితం తీశాను. ఆ చుట్ట మీదే రాసుంది, మీటరుకి 14.4 వాట్లు. పడవ 24 అడుగుల పొడవు, ఎనిమిదిన్నర వెడల్పు. చుట్టూ తిరిగితే 65 అడుగులు, అంటే దగ్గర దగ్గర 20 మీటర్లు. మూడు రంగులూ కలిపి తెల్లగా వెలిగిస్తే 288 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 24 ఆంపియర్లు! ఇది అడుగు వరస ఒక్కటే. కంచెదీ సోఫాలదీ ఇంకా కలపలేదు. 100 ఆంపియర్-అవర్ల సీసం బ్యాటరీని సగానికంటే ఎక్కువ పిండకూడదు. అంటే రెండు గంటలు. ఆపైన పాటలు. ఆపైన చెరువు నడుమ మోటారు తాళం తిప్పితే టిక్కుమని ఒక శబ్దం, అంతే. ఒక్క దీపం తక్కువ తింటుంది నిజమే. వెయ్యి దీపాలు పెట్టి తక్కువ తింటున్నాయనడం ఏం లెక్క? మోటారుకి వేరే బ్యాటరీ, ఈ వేషాలకి వేరే బ్యాటరీ, మధ్యలో స్విచ్ పెట్టేదాకా నేను పడవెక్కనని భీష్మించాను. పెట్టాడు.

తర్వాత వైరు. పెట్టెలో వచ్చింది జుట్టు పోగంత సన్నం, లోపల పచ్చి రాగి. నీళ్లలో పనిచేసే వైరుకి రాగి పోగులకి తగరం పూత ఉండాలి. లేకపోతే తడి లోపలికి పాకి, బయటికి తొడుగు కొత్తగానే ఉంటుంది, లోపల మాత్రం నల్లబడి పొడైపోతుంది. మా యార్డులో అయితే ప్రతి కేబులు గోడ దాటే చోట తడి చొరకుండా గ్లాండు, ప్రతి లైనుకీ ఇన్సులేషన్ చూసే మెగ్గర్ పరీక్ష, కాగితం మీద సంతకం. మావాడు మొదట చేసిన అతుకు చూస్తే నాకు కళ్లు తిరిగాయి. రెండు కొసలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. దీపావళికి మేడ మీద సీరియల్ బల్బులు వేసినట్టే! అడుగున పెట్రోలు ట్యాంకు ఉందిరా నాయనా అన్నాను. ఆ అతుకు ఊడదీయించి, లోపల జిగురుండి వేడి తగిలితే ముడుచుకునే తొడుగులు తెప్పించి, నొక్కుడు కనెక్టర్లతో మళ్లీ చేయించాను. ఫ్యూజు ఎక్కడా అంటే స్విచ్ దగ్గర చూపించాడు. ఫ్యూజు ఉండాల్సింది బ్యాటరీ దగ్గర. ఇక్కడి పడవల ప్రమాణాలు ఏడు అంగుళాల లోపు అంటాయి. బ్యాటరీ నుంచి స్విచ్ దాకా ఉన్న వైరు ఎక్కడో ఒరుసుకుని అల్యూమినియానికి తగిలితే, స్విచ్ దగ్గరున్న ఫ్యూజు దానికి ఏం అడ్డుపడుతుంది?

మొత్తం చుట్టూ ఒకే కొస నుంచి కరెంటిస్తే చివరికి వచ్చేసరికి వోల్టులు పడిపోతాయి. నీలానికీ పచ్చకీ ఎరుపుకంటే ఎక్కువ వోల్టులు కావాలి గనక ముందు అవే మసకబారతాయి. అందుకే మా పక్కవాళ్ల పడవ ముందు తెల్లగా మొదలై వెనక్కి వచ్చేసరికి ఎర్రగా జ్వరమొచ్చినట్టు ఉంటుంది. రెండు కొసల నుంచీ ఇవ్వాలి. ఇది నేను చెబితే మావాడు ఫోన్లో ఎవడో కుర్రాడి వీడియో చూసి, "అవును నాన్నా, ఇతను కూడా అదే చెబుతున్నాడు" అన్నాడు. నలభై ఏళ్ల ఉద్యోగానికి సర్టిఫికెట్టు దొరికింది.

చుట్టల వెనకున్న జిగురు కాగితం గురించి చెప్పకపోవడమే మంచిది. నేల అంచు కింద మురికీ నూనే పేరుకుని ఉంటుంది. ముందు ఆల్కహాలుతో తుడిచి, ఆరాక అంటించి, అక్కడక్కడా క్లిప్పులు బిగించాలి. ఎవరూ బిగించరు. జూన్‌లో అంటిస్తారు, ఎండకి అల్యూమినియం కాగి, ఆగస్టుకల్లా చుట్ట ఊడి, పెళ్లైన మర్నాటి పందిరి తోరణంలా నీళ్లలో వేలాడుతుంది. అప్పుడు కొత్త చుట్ట కొంటారు. మా కాలంలో ఇత్తడి దీపపు గూడు ఓడ మారినా మారేది కాదు.

నీలం ఎల్‌ఈడీ చేయడం ఎంత కష్టమో నాకు తెలియక ఈ మాటలనడం లేదు. ఎర్రది 1962లోనే వచ్చింది. నీలం కోసం మరో ముప్పై ఏళ్లు పట్టింది. అది లేకపోతే ఇప్పుడు మన ఇళ్లలో వెలిగే తెల్లటి ఎల్‌ఈడీ బల్బు లేదు. అందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ మహానుభావులు ఇంటింటా తక్కువ కరెంటుతో దీపం వెలగాలని కష్టపడ్డారు. మావాడి పడవ అడుగున క్యాట్‌ఫిష్‌లకి నీలం వెలుతురు చూపించాలని కాదు.

ఆ నీలంతో ఇంకో తంటా. పాటకి తగ్గట్టు దీపాలు ఎగిరే ఏర్పాటు ఒకటుంది. మనవడు అది నొక్కాడు. తెలుగు మాస్ పాట, దానికి నీలం దీపాలు టకటకా ఆరుతూ వెలుగుతూ. ఇక్కడి నియమాల్లో ఆరి వెలిగే నీలం దీపం పోలీసు పడవలది. ఎదురొస్తున్న పడవ టక్కున వేగం తగ్గించి పక్కకి ఆగిపోయింది. దగ్గరికి వెళ్లేసరికి వాళ్లు కాగితాలు తీసి పట్టుకుని కూర్చున్నారు. మనవడు పడీ పడీ నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. నిజం పోలీసు పడవ అయ్యుంటే కాగితాలు తియ్యాల్సింది మేము.

రంగుల కంటే నన్ను బాధపెట్టేది కళ్లు. కంటికి చీకటి అలవాటు కావాలంటే అరగంట పడుతుంది, పోవడానికి ఒక్క తళుకు చాలు. ఓడ బ్రిడ్జి మీద రాత్రిపూట దీపం ఉండేది కాదు. చార్టు చూడాలంటే తెర వెనక చిన్న ఎర్రదీపం, ఎందుకంటే మసక ఎరుపు చీకటి చూపుని అంతగా చెడగొట్టదు. చుట్టకి అగ్గిపుల్ల గీస్తే కెప్టెను కేకలేసేవాడని మా యార్డుకొచ్చే నావికులు చెప్పేవారు. ఇక్కడ మావాడు స్టీరింగు పట్టుకున్న చోటే మోకాళ్ల కింద తెల్లదీపం, ముందు కంచె నిండా దీపం. ఆ వెలుగు దాటి పది గజాల అవతల ఏముందో వాడికి కనిపించదు. దుంగ తేలుతూ రావచ్చు, దీపం లేని చిన్న తెప్ప రావచ్చు, ఈదేవాడే రావచ్చు. "అందరికీ మనం కనిపిస్తున్నాం కదా నాన్నా" అంటాడు. కనిపిస్తున్నామురా. వాళ్లే మనకి కనిపించడం లేదు.

ఇది చాలదని రేవుకి ఆనించేటప్పుడు వాడాల్సిన ముందు దీపాలని కారు హెడ్‌లైట్లలా వేసుకుని చెరువంతా తిరిగేవాళ్లు వేరే. ఎదురొస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి, ఆ వెలుగులో వాళ్ల ఎరుపూ పచ్చా రెండూ మాయం. నీళ్ల మీద రోడ్డు లేదు, వెలుతురు వేసి చూడ్డానికి. ఈ ముక్క ఎవరు చెబుతారు వీళ్లకి? పడవ అమ్మినవాడు చెప్పడు, దీపాలు అమ్ముకోవాలిగా.

చవకరకం డబ్బాలతో రేడియో కూడా పాడు. 2018లో ఇక్కడి కోస్ట్‌గార్డు ప్రత్యేకంగా హెచ్చరిక పంపింది, కొన్ని ఎల్‌ఈడీ దీపాలు పడవల వీహెచ్‌ఎఫ్ రేడియోకి అడ్డం పడుతున్నాయని. సముద్రం మీద సాయం కోసం అరిచేవాడి గొంతు దీపాల గుర్రుమనడంలో కలిసిపోతుందన్నమాట. చెరువు మీద అంత ప్రమాదం లేదులెండి. మా పడవలో ఎఫ్‌ఎం స్టేషనొకటి ఆకుపచ్చ రంగు వేసినప్పుడల్లా గరగరమంటుంది, అంతే.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పడవ కదులుతున్నంతసేపూ బయటికి కనిపించేవి మూడు దీపాలే. లంగరు వేశాక తెల్లదీపం మాత్రం కర్ర మీద వెలగాలి. అడుగు వరస కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు, ఎరుపూ పచ్చా తప్ప, నీలం ఆరి వెలగకుండా. మెట్ల దగ్గరా సోఫాల కిందా కాళ్లకి దారి తెలిసేలా మసక పసుపు దీపాలు ఎప్పుడూ ఉండొచ్చు. అవి నాక్కూడా నచ్చాయి, మోకాళ్లు పట్టేసినవాడికి మెట్టు కనిపించడం మంచిదే. స్విచ్‌లు విడివిడిగా పెట్టించి, ఏది దేనిదో తెలుగులో రాసి అంటించాను.

నిన్న మళ్లీ ఇంకో పెట్టె వచ్చింది. ఈసారి స్పీకర్ల చుట్టూ వలయాలట, కప్పులు పెట్టుకునే గుంటల్లో కూడా రంగుల దీపాలట. ఎందుకురా అంటే, చీకట్లో కప్పు ఎక్కడుందో తెలియాలి కదా నాన్నా అంటాడు. అరవై ఏళ్లుగా చీకట్లో కాఫీ తాగుతున్నాను నేను, ఏనాడూ చెవిలో పోసుకోలేదు.